వేచియుండు గది

నీల్‌డంగా జంక్షన్‌లో తెలుగు బోర్డులను రోజుకు ఎన్నిసార్లు చదువుతున్నారో వేళ్ళు మడిచి చెప్పగల మనిషి లెంక సుభాషిణి ఒక్కతే. నిన్న పదకొండు సార్లు. మొన్న పధ్నాలుగు. ఆ పధ్నాలుగులో ఆరు ఒకే ఆసామివి అయ్యుంటాయి. మందుల షాపు ముందు వాన వెలిసేదాకా నిలబడి, చేసే పనేమీ లేక, పైన రాసిందే పదే పదే చదివి ఉంటాడు. సుభాషిణి కూడా ఆ బోర్డులన్నీ రోజూ చదువుతుంది. కానీ ఆవిడ చూపు లెక్కలోకి రాదు. ఆ నియమం పెట్టింది కూడా ఆవిడే.

నీల్‌డంగా బెంగాల్‌లో రైలు పట్టాల కోసం పుట్టిన ఊరు. రైల్వే కార్ఖానాలోని బాయిలర్ షాపులో, రంగుల షాపులో పని చెయ్యడానికి శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చినవాళ్ళు నాలుగు తరాలుగా అక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజార్లో బంగ్లా. మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం మాత్రం పదిమందికి కూడా రాదు. సుభాషిణికి వాళ్ళమ్మ సత్యవతి పట్టుబట్టి నేర్పింది. తమ్ముడు దామోదర్ ఆ వేళకి గోడ దూకి పారిపోయేవాడు.

"బోర్డులు సదవడానికి కూడా జీతమిస్తారేటప్పా?" అని దామోదర్ ఇప్పటికీ అక్కను చూసి నవ్వుతాడు. స్టేషను రోడ్డులో టిఫిన్ హోటలు అతనిది.

ఇస్తారు మరి. వీధుల్లో కనబడే భాషల మీద పరిశోధన అంటే సుభాషిణి ఇందులోకి దిగిన కొత్తలో కెమెరా, కొలిచే టేపు, నోటుబుక్కు. ఏ భాష పైన ఉంది, ఏది కింద, అక్షరాల ఎత్తు ఎన్ని అంగుళాలు, సర్కారు రాయించిందా, కొట్టువాడు రాయించుకున్నాడా. పన్నుల శాఖ మనిషనుకుని కొట్లవాళ్ళు కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్ళు, ఆవిడ తాగేది. తరవాత గాలి మారింది. బోర్డులు లెక్కపెడితే ఏమొస్తుంది, పెట్టినవాళ్ళ మనసు కనుక్కోమన్నారు. వెళ్ళి కనుక్కుంది. ఆ పైన వీధిలో చప్పుళ్ళు, వాసనలు, గోడ మీద సున్నం కింద మిగిలిపోయిన పాత రాతలు అన్నీ చదవాలన్నారు. ఆ పైన జనం ఫోన్లలో తీసుకున్న కోట్ల ఫోటోలు యంత్రాలకు అప్పగించి, ఇంట్లో కూర్చుని ఊళ్ళకు ఊళ్ళు లెక్కపెట్టేశారు. ఇంతా చేసి ఒక్క ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. బోర్డు ఉంది, సరే. దాన్ని ఎవరైనా చదువుతున్నారా?

దానికి జవాబుగా ఆవిడ కనిపెట్టిందే కంటిపూస.

పెసరగింజంత గాజుపూస. బోర్డు మూలన అతికిస్తే దాని వైపు తిరిగిన ప్రతి చూపు ఏ గీత మీద ఎంతసేపు ఆగిందో, ఎక్కణ్ణుంచి ఎక్కడికి దూకిందో పట్టుకుంటుంది. ఎవరి ముఖమూ గుర్తుపెట్టుకోదు, పేరు అడగదు. సుభాషిణి మూడేళ్ళు వందలమంది కళ్ళ ముందు బోర్డులు పెట్టి చూసి తేల్చింది ఒక్కటే. చదవడం వచ్చిన కన్ను చదవకుండా ఉండలేదు. తనకు తెలిసిన లిపి ఎదురుపడితే చాలు, మూడు నాలుగు గెంతుల్లో వాక్యం దాటేస్తుంది, ఆపమన్నా ఆగదు. చదవడం రాని కన్ను గెంతదు, అక్షరాల మీద అలా జారిపోతుంది. పూస ఈ రెంటికీ తేడా చెబుతుంది. తెర మీద ఆ చూపు దారిని సన్నటి దారంలా గీసి చూపిస్తుంది. పరిశోధన సంస్థ వాళ్ళ కనుపాపల గుర్తులు మాత్రం ముందే దానికి ఇచ్చి ఉంచారు, వాళ్ళు చూస్తే వదిలేస్తుంది. కొలిచేవాళ్ళే లెక్క పెంచకూడదు కదా.

ఆవిడ ఆశ ఏమిటంటే, ఈ పూసతో తన వాళ్ళు తెలుగు చదువుతున్నారని రుజువు చూపించాలని. అయింది వేరు. సూచికల మండలి అనే పెద్ద ఆఫీసు ఆ పూసను ఎత్తుకుపోయి ఊరంతా పెట్టింది, దాని మీద ఒక నియమం కూడా పెట్టింది. వరసగా తొంభై రోజులు ఎవరూ చదవని భాషను బోర్డు మీంచి తీసేస్తారు, ఆ చోటు చదివే భాషకు ఇస్తారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో. సుభాషిణికి కూడా మొదట్లో అలాగే అనిపించింది.

పోస్టాఫీసు మీది తెలుగు వెళ్ళింది. ఆస్పత్రి మీది వెళ్ళింది. కిందటేడు దామోదర్ హోటలు మీది 'సత్యవతి టిఫిన్సు' అన్న వరస వెళ్ళింది. అమ్మ పేరు చెరిపిన రోజున సుభాషిణి హోటలుకు వెళ్ళలేదు. మర్నాడు వెళితే దామోదర్ ఏమీ అనలేదు, రెండు ఇడ్లీలు ఎక్కువ వేశాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆవిడ ఆ ఇడ్లీలు తింటున్నంతసేపూ అనుకుంది.

* * *

ఆషాఢంలో ఒక సోమవారం ఉదయం, ప్రయోగశాల పెద్ద నిరుపమ్ ఘోషాల్ ఆవిణ్ణి పిలిచి తెర మీద ఒక బొమ్మ చూపించాడు.

"మూడో ప్లాట్‌ఫారం చివర వెయిటింగ్ రూము. పాత ఇనప బోర్డు. తెలుగు వరస మీద రోజూ ఎనిమిదీ యాభైకి ఒక చూపు వస్తోంది. ఇది చదవడమా, కాదా? పూస తేల్చలేకపోతోంది. తేల్చలేనివి నువ్వే చూసి సంతకం పెట్టాలి. వచ్చే నెలాఖరుకు, తీసేసే వరసల జాబితా మండలికి వెళ్ళాలి," అన్నాడు బంగ్లాలో.

సుభాషిణి బొమ్మ వైపు చూసి కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఇరవై ఏళ్ళలో అలాంటి దారం ఆవిడ చూడలేదు. ఆ చూపు గెంతలేదు, జారలేదు. 'వేచియుండు గది' అన్న ఆరక్షరాల ఒంపు ఒంపునా పాకింది. అదైనా చిత్రంగా పాకింది. ముందు వరస పొడుగునా అక్షరాల ఒళ్ళు మాత్రమే. వకారం బొజ్జ, చకారం బొజ్జ, అలా చివరి దకారం దాకా. అప్పుడు మళ్ళీ మొదటికి వచ్చి పైన ఏత్వం, గుళ్ళు, పక్కన కొమ్ములు. అన్నీ అయ్యాక ఆఖర్న వెనక్కి వచ్చి మధ్యలో ఉన్న సున్న చుట్టూ ఒక్కసారి తిరిగి, అక్కడ ఆగిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. నిన్నా అంతే, మొన్నా అంతే, గుండ్రం చివర ఆగడంతో సహా.

"కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళేమో," అన్నాడు ఘోషాల్.

"నేర్చుకునేవాళ్ళు ఒక అక్షరం పూర్తి చేసి ఇంకోదానికి వెళతారు. ఇలా వెళ్ళరు."

"అయితే?"

"వెళ్ళి చూస్తాను."

ఊళ్ళో చేత్తో రాసిన తెలుగు బోర్డు అదొక్కటే మిగిలిందని అప్పటికి ఆవిడకు గుర్తొచ్చింది. చదవగలిగిన పదిమందిలో ఎవరినో ఒకరిని పట్టుకెళ్ళి దాని ముందు నిలబెడితే పని అయిపోతుంది. కానీ తెచ్చి చదివించిన చూపు చూపు కాదని పద్ధతుల పుస్తకంలో రాసింది ఎవరు? ఆవిడే.

* * *

మూడో ప్లాట్‌ఫారం చివరికి ఇప్పుడు పొద్దున ఒక్క పాసింజరు వస్తుంది, పోతుంది. వెయిటింగ్ రూముకు తాళం. తలుపు పైన ఇనప బోర్డు, పైన బంగ్లా, మధ్యలో హిందీ, కింద నీలం రంగులో తెలుగు. ఎదురుగా సిమెంటు బెంచీ మీద డెబ్భై దాటిన మనిషి, ఒళ్ళో గొడుగు, తల ఎత్తి కూర్చున్నాడు. సుభాషిణి పక్కన కూర్చుంటే తల తిప్పలేదు. నాలుగు నిమిషాలయ్యాక తనంత తనే తిప్పాడు.

"ఎవురి తాలూకమ్మా?" అన్నాడు తెలుగులో, ఈ ఊళ్ళో ఎవరు తెలుగువాళ్ళో ముఖం చూసి పట్టేసినట్టు.

"లెంక రామినాయుడు గారి అమ్మాయినండి. బాయిలర్ షాపు."

"ఓలమ్మ! రామినాయుడి గుంటవా? మీ నాన్న నన్ను సూరిగా అనీవోడు. నాను అప్పలసూరిని. రంగుల షాపు కలాసీని."

ఆ మాటతో 'అండి' పోయి బాబాయ్ వచ్చింది. రోజూ ఇక్కడ ఏం చదువుతున్నావు బాబాయ్ అని అడిగింది.

అప్పలసూరి నవ్వాడు. "సదువా? నాకు ఒక్క అచ్చరం ముక్క రాదు తల్లీ. ఏ బాసా రాదు. జీతం కాడ ఏలిముద్రే ఎట్టినాను."

"మరి చూస్తున్నావుగా."

"అది మా ఇంటిది రాసినాది," అన్నాడు గొడుగు కొనతో చూపిస్తూ. "నూకరత్నం. రంగుల షాపులో ఆడ పెయింటరు అదొక్కతే. పై రెండు బాసలూ మిస్త్రీ రాసినాడు. కింద తెలుగు దానికే వచ్చును. నిచ్చెన నాను ఒట్టుకున్నాను, డబ్బా నాను ఒట్టుకున్నాను. ముందు లావు కుంచెతోటి బొజ్జలన్నీ ఏసీసినాది. అప్పుడు సన్న కుంచె అందుకోని టోపీలు, తోకలు. ఆ నడిమిన గుండ్రం ఉంది సూడు, అది ఆకర్న. అది ఏత్తన్నప్పుడు తుమ్మినాది. గుండ్రం కుడి పక్కన సొట్ట కనబడతందా? అల్లదే. తుమ్మీసి, నిచ్చెన ఊపినావని నన్ను తిట్టినాది."

సుభాషిణి బోర్డు వైపు చూసింది. 'వేచియుండు గది' అని చదివింది. సొట్ట కోసం మళ్ళీ చూసింది, మళ్ళీ అదే చదివింది. మూడోసారి కళ్ళు చికిలించి, సున్న ఒక్కటే పట్టుకుని, కాసేపటికి కనుక్కుంది. కొంచెం నొక్కుకుపోయి ఉంది.

"ఎన్నాళ్ళయింది బాబాయ్?"

"అది ఎల్లిపోయి తొమ్మిదేళ్ళు. పోటోలు ఉన్నాయి, కాదనను. పోటోలో ఊరికే నిలబడి ఉంటాది. ఇక్కడయితే దాని చెయ్యి కదుల్తాది. నా కన్ను ఆ మొదటి బొజ్జ కాడ ఎడితే చాలు, దాని చెయ్యెనకాల ఎల్తాది. ఆకర్న తుమ్ముతాది. అప్పుడు నెగిసి ఇంటికి పోతాను."

పూస అబద్ధం చెప్పలేదు. అది చదవడం కాదు. ఆవిడ కొలమానంలో దానికి పేరే లేదు.

* * *

ఆ ఆదివారం దామోదర్ ఇంట్లో భోజనం. మేనకోడలు తన్వి ఏదో హిందీలో చెప్పి పకపకా నవ్వింది, అందరూ నవ్వారు, సుభాషిణి కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ తెలుగులో ఏదైనా అంటే తమ్ముడు తెలుగులో జవాబిస్తాడు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, మళ్ళీ వేరే భాషలో కబుర్లు మొదలవుతాయి. ఎవరి తప్పూ లేదు. అయినా ప్రతి ఆదివారం అన్నం కలుపుకుంటూ ఆవిడకు తను చుట్టంచూపుగా వచ్చినట్టే ఉంటుంది.

వంటింటి గట్టు దగ్గర దామోదర్‌కు సంగతంతా చెప్పింది.

"నిజం రాస్తే 'చదవడం లేదు' అని రాయాలి. బోర్డు దింపేస్తారు."

"అయితే సదివినాడని రాసీ. ఎవుడడుగుతాడు?"

"నేనే అడుగుతానురా."

దామోదర్ చేతులు తుడుచుకున్నాడు. "అప్పా, అమ్మ పేరు చెరిపినప్పుడు నాకు రాదు కాబట్టి సదవలేకపోయినాను. వచ్చుంటే రోజుకొకసారి పైకి సూసీవోణ్ణి, ఉండిపోయేది. ఆ ముసిలాయనకి నేర్పీ. ఆరచ్చరాలే కదేటి? రోజూ ఎలాగా తనే వస్తన్నాడు, నువ్వు తీసుకెల్డం నేదు."

సుభాషిణి ఆ మాట పట్టుకుంది. నేర్పడం దొంగ లెక్క కాదు. అతను తనంత తనే వస్తాడు, తనంత తనే చదువుతాడు. పూస నిజమే చెబుతుంది, తను నిజమే రాస్తుంది, నూకరత్నం రాసింది రాసినట్టు ఉంటుంది. ఇంతకాలానికి తన చదువు ఎవరికో ఒకరికి పనికొస్తోందని సంతోషంతో ఆ రోజు రెండోసారి పెరుగు వేయించుకుంది.

* * *

"ఇప్పుడు నాకెందుకు తల్లీ?" అన్నాడు అప్పలసూరి.

"నువ్వు చదివితే ఇది ఉంటుంది బాబాయ్. లేకపోతే తీసేసి కొత్తది పెడతారు. అందులో తెలుగు ఉండదు."

ముసలాయన బోర్డు వైపు, ఆవిడ వైపు చూశాడు. "సదివితే ఆపుతారా?"

"ఆపుతారు. నేను రాసిస్తాను."

"అయితే నేర్పీ."

ఆ ఇరవై మూడు రోజులూ సుభాషిణి బతుకులో మంచి రోజులు. పొద్దున ఫ్లాస్కులో టీ, సంచిలో లావు స్కెచ్‌పెన్నులు, కాగితాలు. ముందు 'గది'తో మొదలుపెట్టింది, రెండే అక్షరాలని. అప్పలసూరి గీతలు ఎప్పుడో నేర్చేసుకున్నాడు. నూకరత్నం చెయ్యి ఎటు తిరిగేదో అటే పెన్ను తిప్పేవాడు, కాగితం మీద అక్షరం దిగేది, చూడముచ్చటగా. రానిదల్లా దాని చప్పుడు. ఆవిడ నోరు తెరిచి 'గ' అంటే అతను ఆ నోటి వైపే రెప్ప వెయ్యకుండా చూసి 'గ' అనేవాడు. రెండూ కలిపి ఒకనాడు "గ... ది. గది!" అని, "ఓరి నీ! గదంటే మన గదేనేటి?" అని తొడ చరుచుకున్నాడు. పట్టాలు దాటుతున్న గ్యాంగుమన్లు ఆగి చూశారు.

'వేచి' దగ్గర పేచీ వచ్చింది.

"ఏచి అంటే ఏటి? ఏపుకు తినడమా?"

"కాదు బాబాయ్. వేచి ఉండటం అంటే ఎదురు చూడటం. పుస్తకాల మాట."

"మరి ఎదురుసూసే గదని రాయొచ్చును కదేటి? నాను దాన్ని ఏపుకు తిన్నానని రాసినాదేమో అనుకున్నాను," అని కళ్ళు తడయ్యేలా నవ్వాడు. సుభాషిణి కూడా నవ్వింది. తెలుగులో నవ్వి ఎన్నాళ్ళయిందో ఆవిడకు అప్పుడు తెలిసింది. పాసింజరు వెళ్ళిపోయాక కూడా ఇద్దరూ కూర్చునేవాళ్ళు. అతను నూకరత్నం సంగతులు చెప్పేవాడు. రంగుల షాపులో మగ పెయింటర్లు ఆవిడ కుంచెలు దాచేస్తే, ఎండుచేప ముక్క వాళ్ళ టర్పెంటైను డబ్బాలో వేసిందట. సుభాషిణి వాళ్ళమ్మ సంగతులు చెప్పేది. ఇంటికి వెళ్ళాక ఆ రోజు అనని మాటలు గుర్తుపెట్టుకుని మర్నాడు అనేది.

ఇరవై మూడో రోజున అప్పలసూరి గొడుగు పక్కన పెట్టి, తల ఎత్తి, ఆగకుండా అన్నాడు. "ఏచియుండు గది."

"మళ్ళీ?"

"ఏచియుండు గది. ఏచియుండు గది. ఇంకెన్నిసార్లు?"

సుభాషిణి నడిచి కాదు, ఇంచుమించు పరుగెత్తి ప్రయోగశాలకు వెళ్ళింది. తెర మీద దారం మారిపోయింది. పాకడం లేదు. నాలుగు చిన్న గెంతులు, సెకనులో సగం. కింద పూస తనంత తనే రాసుకుంది, చదివారు అని. ఘోషాల్ భుజం మీదుగా చూసి "అయితే నేర్చుకునేవాళ్ళే అన్నమాట," అన్నాడు. సుభాషిణి అవునంది. జాబితాలో సంతకం పెట్టింది. మూడో ప్లాట్‌ఫారం బోర్డు కదల్చనక్కర లేదని పై ఆఫీసు నుంచి రెండో రోజుకే కాగితం వచ్చింది. దామోదర్ ఆ సాయంత్రం హోటల్లో అందరికీ మైసూరు బజ్జీలు పెట్టాడు.

* * *

ఆ కాగితం తీసుకుని వెళ్ళాలనే అనుకుంది, కానీ జాబితాల పనిలో వారం గడిచింది. ఆ వారంలో పూస నుంచి వచ్చిన లెక్క చూస్తే మొదటి మూడు రోజులూ ఎనిమిదీ యాభైకి చూపు వచ్చింది. ఒక్కటి కాదు, ఒక్కో పూట ముప్పై, నలభై. అన్నీ సెకనులో సగమే. నాలుగో రోజు నుంచి ఏమీ లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకుంది. కానీ ఆ ముప్పై, నలభై చూపుల బొమ్మను మూసేసి, మళ్ళీ తెరిచింది. ఒకే చోట తలుపు తట్టి తట్టి వెళ్ళిపోయినట్టున్నాయి ఆ గీతలు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. అప్పలసూరి వచ్చే ఉన్నాడు. బెంచీకి అటు పక్కన, బోర్డుకు వీపు పెట్టి, పట్టాల వైపు తిరిగి కూర్చున్నాడు.

"బాబాయ్! కాగితం వచ్చింది. ఉంచేస్తారట."

"మంచిదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఆవిడ టీ పోసి ఇచ్చింది. తీసుకున్నాడు, తాగలేదు.

"ఒక మాటడుగుతాను. నువ్వు దాన్ని సూడు. ఏటి కనబడతంది?"

సుభాషిణి తిరిగి చూసింది. "వేచియుండు గది."

"అంతేనా?"

"అంతే బాబాయ్."

"నాకూ అంతే," అన్నాడు అప్పలసూరి. "అదే కనబడతంది. ముందు ఆ బొజ్జ కాడ కన్ను ఎట్టీవోణ్ణి, దాని చెయ్యి కదిలీది. ఇప్పుడు ఎట్టేటప్పటికే అయిపోతంది. ఏచియుండు గది. ఒక కన్ను మూసి సూసినాను. దగ్గరికెల్లి ముక్కు ఆనించి సూసినాను. ఒంగోని కాళ్ళ మద్దినుంచి తలకిందులా సూసినాను, పోర్టర్లు నవ్వినారు. అప్పుడూ అదే సదివీసినాది పాడు కన్ను. సున్న సున్నలాగే ఉంది తల్లీ. తుమ్ము నేదు."

సుభాషిణి ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టింది. చదవడం వచ్చిన కన్ను చదవకుండా ఉండలేదని మూడేళ్ళు వందల కళ్ళ ముందు కూర్చుని తేల్చింది తనే. దాని మీదే పూస నిలబడింది, జీతం నిలబడింది, పేరు నిలబడింది. బెంచీ మీద ఈయన పక్కన కూర్చుని 'గ' అన్నప్పుడు అది ఒక్కసారంటే ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. కబుర్లు దొరికిన సంతోషంలో మరిచిపోయిందని ఆవిడకు అర్థమైంది.

"బాబాయ్, నేను... నాకు తెలిసుండాల్సింది."

"నువ్వేటి సేత్తావు. ఉంచడానికే కదా నేర్పినావు. ఉంది." గొడుగు కింద నుంచి కాగితాల కట్ట తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఇరవై మూడు రోజుల కాగితాలు, వరసగా. "ఇవి ఒట్టుకెల్లిపో. ఇంట్లో ఉంటే ఇవీ సదివేత్తన్నాను."

పాసింజరు వచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు. మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది.

అప్పుడు అప్పలసూరి బెంచీ మీద ఆవిడ వైపు తిరిగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"సదువుకున్నదానివి. నేర్పినదానివి నువ్వే," అన్నాడు. "ఇప్పుడు మరిసిపోడం ఎలాగో అది కూడా నేర్పీ తల్లీ. ఎన్నాళ్ళయినా వస్తాను."

సుభాషిణి నోరు తెరిచింది. ముసలాయన రెప్ప వెయ్యకుండా ఆ నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.